మూడేళ్ళ కొలత

ఆ ఎండాకాలంలో మా బావ చచ్చిపోయాడని నేను మూడుసార్లు నమ్మాను. మొదటిసారి కెవ్వున అరిచాను. రెండోసారి అరిచి, పక్కింటివాళ్ళ తలుపు బాదాను. మూడోసారి ఏకంగా అంబులెన్సుకే ఫోన్ చేశాను. మూడుసార్లూ మా అక్క వంటింట్లోంచి తల బయటపెట్టి, నేలమీద వెల్లకిలా పడివున్న మొగుణ్ణి ఎగాదిగా చూసి, "కట్" అంది. బావ లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఎక్కడ దొరికిపోయాను?"

"పడే ముందు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. గుండెపోటు వచ్చినవాడికి అంత జాగ్రత్త ఉండదు," అంది అక్క.

బావది సినిమాలకి కథలు రాసే పని. ఏ సీనైనా ముందు ఇంట్లో ఆడి చూడందే కాగితం మీద ఖాయం చెయ్యడు. ఆడబోతున్నానని ముందుగా చెప్పడు, చెబితే ఇంక పరీక్ష ఏముంది! భోజనం మధ్యలో ఉన్నట్టుండి ఉద్యోగం పోయినవాడవుతాడు. కాఫీ తాగుతూ తాగుతూ గతం మర్చిపోతాడు. ఆ ఇంట్లో చట్టం ఒక్కటే. నమ్మకం కలగకపోతే "కట్" అనాలి. అన్నామా, ఆట అక్కడికి ఆఖరు, అలకలు లేవు, కోపాలు లేవు. అక్క "కట్" అనలేదంటే సీను పాసయినట్టు. పెళ్ళయిన ఏడేళ్ళలో అలా పాసయినవి నాలుగో అయిదో ఉంటాయి.

అక్క దగ్గర పాసవ్వడం అంత తేలికేం కాదు. ఆవిడ పనిచేసేది కళ్ళద్దాల షాపులో, చూపు పరీక్ష చేసే చోట. అద్దాలు పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్ళు కొందరు, తమకంటే ముందున్నవాళ్ళు చదువుతుంటే విని, గోడమీది అక్షరాలు బట్టీ పట్టేసి కుర్చీలో కూర్చుంటారట. గడగడా అప్పజెప్పేస్తారట.

"మరి నీకెలా తెలుస్తుందే?" అని అడిగాను ఒకసారి.

"నిజంగా చదివేవాళ్ళు అక్షరాల వంక చూస్తారు. బట్టీ పట్టినవాళ్ళు నా మొహం వంక చూస్తారు, సరిపోయిందా లేదా అని."

ఇంతకీ నేను ఆ ఇంట్లో ఎందుకున్నానో చెప్పాలి. సినిమా కథ ఎలా పుడుతుంది, ఎలా మారుతుంది, ఎవరి మాట ఎక్కడ చేరుతుంది అన్నది నా పరిశోధన. చర్చలు జరిగే గదిలో కూర్చుని చూడాలని ఉందంటే బావ డైరెక్టరు గారిని ఒప్పించాడు. వెళ్ళే ముందు యూనివర్సిటీలో మా గైడు మేడమ్ ఒకే ఒక్క మాట చెప్పి పంపింది. "గోడమీద బల్లిలా ఉండు. చూడు, రాసుకో. నోరు మాత్రం తెరవకు. నువ్వు నోరు తెరిచావా, ఇక నువ్వు చూసేది వాళ్ళ పని కాదు, నీ పని." పుస్తకంలో మూడు గళ్ళు గీసుకున్నాను. ఏ టైముకి, ఎవరేమన్నారు, దాంతో కథలో ఏం మారింది.

ఆ గది నాలుగో అంతస్తులో, డాబా కింద ఉండేది. మిట్టమధ్యాహ్నం కుంపటే. నెత్తిమీద ఫ్యాను ఉంది కానీ వెయ్యడానికి వీల్లేదు. సీన్లన్నీ చిన్న చిన్న కార్డుల మీద రాసి వరసగా గోడకి అంటించేవాళ్ళు. ఫ్యాను వేస్తే కార్డులు ఎగిరిపోతాయి. ఒకసారి వేస్తే క్లైమాక్సు కిటికీలోంచి వీధిలో పడిందట. అందుకని డైరెక్టరు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, బావ చొక్కా గుండీలు విప్పుకుని, అసిస్టెంటు రైటరు అట్టముక్కతో విసురుకుంటూ కథ చెప్పుకునేవాళ్ళు. ఆ అసిస్టెంటుకి అందరూ పెట్టిన పేరు లాజిక్. ఎవరేం చెప్పినా "లాజిక్ ఏంటి సార్?" అంటాడు కాబట్టి. నా పేరు కూడా రెండో రోజుకే పోయింది. నన్ను "రీసెర్చీ" అనేవాళ్ళు.

కథ సగం వరకూ చకచకా నడిచింది. ముప్ఫై ఏడో కార్డు దగ్గర బండి ఆగిపోయింది. ఆ కార్డు మీద "భార్య పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది" అని ఉంది. అది ఇంటర్వెల్. ఎందుకు వెళ్ళిపోతుంది? అక్కడే ఎవరికీ ఊహ అందలేదు. మొగుడికి ఇంకొకతె ఉందన్నారు, తీసేశారు. పాత ఉత్తరం దొరికిందన్నారు, తీసేశారు. పదకొండు కారణాలు కార్డుల మీదకి ఎక్కాయి, పదకొండూ బుట్టలోకి దిగాయి. అన్నీ నా పుస్తకంలో ఉన్నాయి, ఒకటో రూపం, రెండో రూపం అని అంకెలతో సహా.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం డైరెక్టరు గారికి పన్ను నొప్పి వచ్చి చర్చ ఆగిపోయింది. బావ ఏదో పనుందని ఊళ్ళోకి వెళ్ళాడు. నేను పన్నెండింటికే ఇంటికి వచ్చేశాను. సోమవారం అక్క షాపుకి సెలవు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పడకగదిలో అక్క నేలమీద కూర్చుని ఉంది. పక్కన కుట్టుమిషను. ఎదురుగా బీరువా మీద ఎప్పుడూ ఉండే నీలం సూట్‌కేసు, మూత తెరిచి. చుట్టూ చిన్నపిల్లల బట్టలు.

మూడేళ్ళ కిందట, ఎనిమిదో నెలలో, అక్కకి పుట్టిన పాప ఏడవలేదు. ఆవేళ బావ ఎక్కడో షూటింగులో ఉన్నాడు. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"ఇవి... అప్పటివా అక్కా?"

అక్క ఉలిక్కిపడింది. తర్వాత నేనేనని చూసి, ఊపిరి వదిలింది. "అప్పటివి ఆ మూడే. ఇటుపక్కవి ఏడాదివి. ఇవి రెండేళ్ళవి. ఇది ఇప్పుడు కుడుతున్నా, మూడేళ్ళ కొలత." గౌను రెండు చేతులతో ఎత్తి చూపించింది. "షాపులో నా పక్క సీటు అమ్మాయికి అదే వయసు కూతురుంది. ఆ పిల్లని చూసి కొలత పెట్టా. కాస్త పొడుగే పెట్టాననుకో. మీ బావ పొడుగు కదా."

గుమ్మంలోనే చతికిలబడ్డాను. అంత చిన్న గౌను అంత భయం పుట్టిస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"అలా చూడకు. పిచ్చేం ఎక్కలేదు నాకు. పాప లేదని నాకు తెలీదూ? కుడుతున్నంతసేపూ మనసు ఊరుకుంటుంది. అంతే."

"బావకి తెలుసా?"

"చెప్పకు." ఆ మాట ఎంత గట్టిగా అందంటే నేను వెనక్కి జరిగాను. అక్క గొంతు తగ్గించింది. "చెబితే ఏడుస్తాడు. నిజంగానే ఏడుస్తాడు పాపం. ఆ తర్వాత రాస్తాడు. తప్పు ఆయనది కాదు, ఆ చెయ్యి అలాంటిది. అమ్మ పోయినప్పుడు నేనన్న మాట సినిమాలో పెట్టాడు, గుర్తుందా? నువ్వూ నా పక్కనే కూర్చున్నావు. హాలంతా చప్పట్లు కొట్టారు. నేనేమన్నా అన్నానా? నా ఏడుపులూ, మా పోట్లాటలూ అన్నీ ఇచ్చేశానే. ఇదొక్కటి నాకుండనీ."

"నీ మీద ఒట్టు, చెప్పను," అన్నాను.

పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఊరికే అన్నారా పెద్దలు! ఆ ఒట్టు పట్టుమని పదిరోజులు నిలవలేదు.

ముప్ఫై ఏడో కార్డు దగ్గర ఆగి తొమ్మిదో రోజు. లాజిక్ విసురుకోవడం కూడా మానేశాడు. డైరెక్టరు గారు తువ్వాలు మొహంమీంచి తీసి, గోడవారన కూర్చున్న నా వంక చూశాడు.

"ఏం రీసెర్చీ, నెల్లాళ్ళుగా మా అవస్థ రాసుకుంటున్నావు. ఒక్క మాట సాయం చెయ్యకూడదా తల్లీ? ఒక ఆడమనిషి దేనికి ఇల్లు వదిలేస్తుంది, చెప్పు."

నెల్లాళ్ళలో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. నలుగురి కళ్ళూ నామీద ఉన్నాయనే సంబరం నా తలకెక్కింది. అబద్ధం చెప్పను, సంబరమే అది. బల్లి నోరు తెరిచింది.

"నాకు తెలిసిన ఒకావిడ ఉంది," అని మొదలుపెట్టాను.

పేరు చెప్పలేదు. షాపు చెప్పలేదు. తక్కినదంతా చెప్పాను. పెట్టె చెప్పాను, ఏడాదివి, రెండేళ్ళవి చెప్పాను. పొడుగు పెట్టిన గౌను కూడా చెప్పాను. ఆ పెట్టె ఒకరోజు మొగుడి కంటపడితే ఆవిడ ఇక ఆ ఇంట్లో ఉండలేదేమో అన్నాను.

లాజిక్ లాజిక్ అడగలేదు. డైరెక్టరు గారు లేచి నుంచుని మళ్ళీ కూర్చున్నాడు. బావ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎవరావిడ?" అన్నాడు.

"నీకు తెలీదులే బావా."

"ఎంత ఒంటరిదో పాపం," అన్నాడు బావ. "మూడేళ్ళు! పక్కనే పడుకుని మూడేళ్ళు తెలుసుకోలేదా? ఆ మొగుడు వెధవ ఎక్కడ చచ్చాడు?"

ఏం చేశానో అప్పుడు తెలిసింది. కానీ చేతులు కాలాయి, ఇంక ఆకులు పట్టుకుని ఏం లాభం! లాజిక్ అప్పటికే కొత్త కార్డు మీద రాసేస్తున్నాడు. పేరు చెప్పలేదుగా, పేరు చెప్పలేదుగా అని దారంతా నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం, అక్క షాపునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని హాల్లోకి వచ్చింది. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాలిమీద గులాబీరంగు గౌను. ఎక్కడో కొనుక్కొచ్చాడు. దాని మడతలు అరచేత్తో మెల్లగా సర్దుతున్నాడు. అడ్డం పడదామని లేచాను కూడా, కానీ పడలేదు.

"ఏడాదివి అయిపోయాయి," అన్నాడు బావ, ఎవరితోనో కాదు, గౌనుతో. "రెండేళ్ళవి అయిపోయాయి. ఇది మూడేళ్ళ కొలత. కాస్త పొడుగు పెట్టాను."

కట్ అనవే తల్లీ, అను, అని నేను లోపల దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. అక్క అనలేదు. బావ వంక చూడనే లేదు. గౌను వంక చూసింది, ఆ తర్వాత తల తిప్పి నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలీదు. చెంపమీద కొట్టినా బాగుండేది.

"బాగుంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

"పాసయింది!" బావ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "చూశావా, కళ్ళనీళ్ళు తిరిగాయి! ఏడేళ్ళలో మొదటిసారి బాగుందంది మీ అక్క. రాసుకో, రాసుకో."

ఆ క్షణంలోనైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి "అక్కా" అన్నాను. "నీళ్ళు కాగాయేమో చూడు," అంది. మూడు రోజులు అలాంటి మాటలే మాట్లాడింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. నేనేమో పోనీలే, క్షమించిందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

శనివారం. అక్క షాపుకి సెలవు పెట్టింది. బావ, నేను భోజనాల బల్ల దగ్గర కొత్తగా టైపు చేసి వచ్చిన కాగితాలు సరిచూస్తున్నాం. అక్క పడకగదిలోంచి వచ్చింది. బయటికి వెళ్ళే చీర కట్టుకుంది. చేతిలో నీలం సూట్‌కేసు.

"నేను వెళ్తున్నానండీ," అంది.

బావ మొహం ఇంతైంది. ఏడేళ్ళుగా తనే ఆడుతున్నాడు, అక్క ఎప్పుడూ ఆడలేదు. ఇవాళ పెళ్ళాం తనంతట తను ముప్ఫై ఏడో సీను ఆడుతోందని ఆ మనిషి మురిసిపోయాడు. బల్ల కింద నా కాలు తట్టి, "రాసుకో," అని గుసగుసలాడాడు.

నేను పెట్టె చూశాను. ఆ పెట్టెలో ఏముందో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా నా చెయ్యి రాస్తూనే ఉంది. నెలకి పైగా ఆ ఇంట్లో చావులే ఉత్తుత్తివయ్యాయి, ఇది నిజమవుతుందా అనుకున్నాను. బహుశా అలా అనుకోవాలని అనుకున్నాను.

"పెట్టె ఎడమచేతికి మార్చు," అన్నాడు బావ. "కుడిచేత్తో గడియ తియ్యాలి కదా."

అక్క పెట్టె ఎడమచేతికి మార్చుకుంది.

"ఆ, అలా. తొందరపడకు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగు."

అక్క ఆగింది. ఆగి, నావైపు తిరిగింది. "రాసుకున్నావా?" అంది.

"రాసుకున్నా అక్కా."

"సరే," అంది.

గడియ తీసింది. "వెనక్కి చూడు, ఒక్కసారి వెనక్కి చూడు!" అన్నాడు బావ. అక్క చూడలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. "చూడలేదు! చూడకపోతేనే బాగుంది!" అని బావ చప్పట్లు కొట్టాడు. నా పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నాలుగూ పది. పన్నెండో రూపం. వెనక్కి చూడలేదు. గుమ్మం దగ్గర ఆగడం కాస్త ఎక్కువైంది.

బావ కాఫీ పెట్టాడు, మూడు గ్లాసుల్లో పోశాడు. "ఇప్పుడొస్తుంది చూడు, మెట్లమీద నుంచుని మన మాటలు వింటూ ఉంటుంది," అన్నాడు. రెండు గ్లాసులు ఖాళీ అయ్యాయి, మూడోదాని మీద మీగడ కట్టింది. అయిదున్నరకి మెట్లు దిగి చూసొచ్చాడు. ఆరింటికి షాపుకి ఫోన్ చేశాడు, రాలేదన్నారు. ఇంకా మొహంమీద ఆ నవ్వు అలాగే పెట్టుకుని పడకగదిలోకి వెళ్ళాడు. బీరువా మీద దుమ్ములో పెట్టె ఉన్నంత మేర నున్నగా ఉంది.

"ఆ పెట్టెలో ఏముందో ఏడేళ్ళనుంచి నేను అడగనే లేదు," అన్నాడు నవ్వుతూనే. "ఏముంది అందులో?"

చెప్పాను. నాకు తెలిసిన ఆవిడ ఎవరో చెప్పాను.

బావ మంచంమీద కూర్చోబోయి నేలమీద కూర్చున్నాడు. మూడుసార్లు చచ్చిపోయినప్పుడు కూడా ఆ మొహం అలా లేదు. "మన పాపకా?" అన్నాడు. నేను తల ఊపాను. "నా అంత పొడుగని..." అని ఆగిపోయాడు. తర్వాత, "ఆ వెధవ ఎక్కడ చచ్చాడని అడిగాను కదూ ఆవేళ?" అన్నాడు.

సోమవారం చర్చకి ఇద్దరం వెళ్ళాం. బావ తిన్నగా స్విచ్చి దగ్గరికి వెళ్ళి ఫ్యాను వేశాడు. గోడమీది కార్డులు ఒక్కొక్కటే లేచి, గదంతా ఎగిరాయి. డైరెక్టరు గారు అయ్యయ్యో అంటూ వాటి వెంట పడ్డాడు. బావ వంగి ముప్ఫై ఏడో కార్డు వెతికి తీసుకుని, జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. "కార్డు పట్టుకుపోతే ఏమైందండీ, నాకు సీను నోటికి వచ్చు!" అని డైరెక్టరు గారు పైనుంచి కేకేశాడు. ఆ కేక నాకు తగిలినట్టు బావకి తగిలిందో లేదో నాకు తెలీదు.

అక్క తన పక్క సీటు అమ్మాయి ఇంట్లో ఉంటోందని పదోరోజున తెలిసింది. నాతో మాట్లాడదు, ఫోన్ ఎత్తదు. నేను కూర్చుని ఏం చెప్పాలో రాసుకున్నాను. ఒకసారి కాదు. మొదటిదాంట్లో నన్ను నేను మరీ వెనకేసుకొచ్చినట్టుంది, కొట్టేశాను. రెండోదాంట్లో ఏడుపు ఎక్కువైంది. అమ్మ పేరు ఎత్తాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించి, చివర్లో పెట్టాను. ఒకచోట ఆగాలని గుర్తు కూడా పెట్టుకున్నాను. అద్దం ముందు నుంచుని చదివాను. ప్రతిసారీ నిజంగానే ఏడిచాను.

తొలకరి పడిన రోజున కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. అందరితోపాటు వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. అక్క నన్ను చూసి కుర్చీ చూపించింది. అద్దాలు మార్చి చూసే ఆ బరువైన ఇనప ఫ్రేము నా ముక్కుమీద పెట్టి, స్క్రూ బిగించింది.

"నిన్న నేనుంటున్న ఇంటికి మీ బావ వచ్చాడు," అంది, అద్దం తుడుస్తూ. "ఏదో పెద్ద సీను చేస్తాడనుకున్నా. ఒక్క మాట అనలేదు. నేను గౌనుకి గుండీలు కుడుతుంటే పక్కన కూర్చుని, తనకీ ఒకటి ఇమ్మని చెయ్యి చాపాడు. సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. గుండీ వంకరగా కుట్టాడు."

"విప్పేశావా?"

"లేదు," అంది అక్క.

నాకు ధైర్యం వచ్చింది. ఇదే సమయమనుకున్నాను.

"అక్కా, నేను చేసింది నమ్మకద్రోహం," అని మొదలుపెట్టాను. "నువ్వు నన్ను నమ్మి ఇచ్చిందాన్ని నేను నలుగురి ముందు పరిచాను. నాకు తెలియక కాదు, తెలిసే చేశాను, నలుగురూ నావైపు చూస్తున్నారని చేశాను." ఆగాలనుకున్నచోట ఆగాను. కళ్ళనీళ్ళు వాటంతట అవే వచ్చాయి, ఫ్రేము అంచుల్లో నిలిచాయి. "అమ్మ ఉండి ఉంటే..."

ఎదురుగా గోడమీద అక్షరాలు వెలుగుతున్నాయి, పెద్దవి పైన, చిన్నవి కింద. ఒక్కటీ నేను చూడలేదు. ఎక్కడ చూస్తున్నానో నాకు అప్పుడు తెలిసింది. అక్క మొహం వంక చూస్తున్నాను.

అక్క కూడా అది చూసింది. ముందుకు వంగి, మెల్లగా, నొప్పి పుట్టకుండా నా ముక్కుమీంచి ఫ్రేము తీసింది.

"కట్," అంది.

ఫ్రేము తుడిచి పక్కన పెట్టి, తర్వాతి వాళ్ళని రమ్మంది.